చున్నీ మింగిన గిన్నెల మిషను

డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు కరెంటంటే చచ్చేంత భయం. ఎలక్ట్రికల్ చదివి కరెంటుకు భయపడడమేమిటని మీరు నవ్వొచ్చు. చదివాను కాబట్టే భయం. అది మనిషిని ఏమేం చేయగలదో బొమ్మలతో సహా పుస్తకంలో వేశారు మరి. అనకాపల్లిలో మా చిన్నాన్నకి మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. చెరుకు గానుగల మోటార్లు, బోరు మోటార్లు, ఇళ్ళలో కాలిపోయిన ఫ్యాన్లు అన్నీ అక్కడికే వచ్చేవి. నేను బుద్ధిగా రాగి తీగ చుట్టేదాన్ని. బాగుచేసినదానికి స్విచ్చి వేసి చూసే ఘడియ రాగానే నాకు దాహమో, దగ్గో వచ్చేసేది. మా నాన్న నాకిచ్చిన గడువు మూడు నెలలు. ఆలోగా పని పట్టుబడకపోతే షాపు మానేసి టైపు నేర్చుకోవాలి.

గడువు చివరికొస్తుండగా ఒక పొద్దున కాన్వెంటు నుంచి కబురొచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందట విదేశీ సిస్టర్లు తెప్పించుకుని, వెళ్ళిపోతూ వదిలేసిన గిన్నెలు కడిగే మిషను ఒకటుందట. నీళ్ళు సరిగా పట్టడం లేదు, మోటారు తిరగడం లేదు. వంటింట్లోకి మగవాళ్ళు రాకూడదు.

"ఒలే, నువ్వెల్లాల," అన్నాడు చిన్నాన్న.

"అలాంటిది నేనెప్పుడూ చూడలేదు చిన్నాన్నా."

"నాను మాత్రం సూసేనేటి? మోటారంటే మోటారే. ఎల్లు."

కాన్వెంటు వంటింటి గుమ్మంలోనే చెప్పులు విడవమన్నారు. అక్కడే సగం ప్రాణం పోయింది. (కరెంటుకీ నాకూ మధ్య నేను నమ్ముకున్నది ఆ రబ్బరు చెప్పుల్నే.) లోపల పెద్ద సిస్టరు, అందరూ మదర్ అని పిలిచే ఆవిడ, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, రెప్ప వేయకుండా చూసే మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా?" అన్నారు. నేనే కాకపోతే బాగుండుననిపించింది.

వంట చేసే ఆవిడది రాజయ్యపేట. హాస్టలు పిల్లలంతా ఆవిణ్ణి రాజయ్యపేట ఆంటీ అనేవారు. ఆవిడ నా ముందు రెండు చేతులూ చాపింది. సబ్బుపొడికి వేళ్ళ సందులన్నీ పగిలి, ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. "సూడమ్మా. మిషను ఆగిపోయిన కాణ్ణుంచీ అన్నీ నానే తోముతన్నాను. ఇది బాగవ్వకపోతే పని మానీడవే ఇంక," అంది. అప్పటిదాకా నా భయం నా గురించే. ఇప్పుడు దానికి ఆంటీ చేతులు కూడా తోడయ్యాయి.

పీట ఒకటి అడిగి తీసుకుని, దాని మీద కూర్చుని మిషను తలుపు తెరిచాను. అడుగున ఒక మూల, బోర్లించిన చిన్న ప్లాస్టిక్ గిన్నెలాంటిది ఉంది. వేలితో నొక్కితే కదల్లేదు. చాలాసేపు చూస్తే సంగతి తెలిసింది. నీళ్ళు పెరిగేకొద్దీ అది తేలి, చాలినన్ని రాగానే నీళ్ళు ఆపేయాలి. బోరునీళ్ళ సున్నం పట్టి అది పైనే ఇరుక్కుపోయింది. మిషనేమో కడుపు నిండిందనుకుని గుక్కెడు నీళ్ళకే గొంతు మూసేస్తోంది. ఆంటీ చింతపండు నానబెట్టి ఇచ్చింది. పులుసుతో రుద్దితే గిన్నె టకటక ఆడింది. తలుపు మూసి స్విచ్చి నేనే వేశాను, కళ్ళు మూసుకుని. నీళ్ళు జోరుగా దూకాయి. తర్వాత మోటారు మాత్రం "మ్మ్‌మ్‌" అని మూలిగిందే గాని తిరగలేదు. వేసవి సెలవులన్నాళ్ళూ వాడక బిగుసుకుపోయి ఉంటుంది.

అంతలో కరెంటు పోయింది. కరెంటు లేదు కదా అని నేను ఊరుకోలేదు, జాగ్రత్త గల పిల్లని. లేచి వెళ్ళి స్విచ్చి కట్టేసి వచ్చాను. కింది రేకు విప్పి, నేలకి చెంప ఆనించి పడుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చాను. మోటారు వెనక చిన్న ఫ్యాను తగిలింది. బలవంతంగా తిప్పితే ముందు మొరాయించింది, తర్వాత కరకరమని కదిలింది. ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు తిప్పాను. హాయిగా తిరుగుతోంది. చెయ్యి బయటికి తీసి, గెలిచిన ముఖంతో మదర్ వైపు తిరిగాను.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. మోటారు గయ్యిమంది. నా మెడ చుట్టూ ఉన్న చున్నీ బిగుసుకుంది. దాని కొస లోపలికి పోతోంది, దాని వెనకే నేనూ పోతున్నాను. అరుద్దామంటే గొంతు రాలేదు.

"ఒలమ్మ! ఏటైపోతందే! గుంటని లాగేత్తంది!" అని ఆంటీ నా కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగింది. (ఆవిడ ఉద్దేశం మంచిదే. మెడ మాత్రం ఇంకా బిగిసింది.)

మదర్ పరుగెత్తలేదు. రెండు అంగల్లో వచ్చి మిషను తలుపు గొళ్ళెం లాగారు. అంతే, మోటారు ఆగిపోయింది. తలుపు తెరిస్తే అది ఆగుతుందని పుస్తకాలు చదివిన నాకు తెలియదు, ఆవిడకి తెలుసు.

చున్నీ విప్పి, నా మెడ తడిమి చూసి, "స్విచ్చి కట్టేశావుగా?" అన్నారు. బోర్డు వైపు చూశాను. కరెంటొచ్చినా నెత్తి మీద ఫ్యాను తిరగడం లేదు. కరెంటు ఎక్కువొచ్చిందనో, పాత మిషను కదా అనో చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఫ్యాను స్విచ్చి కట్టేశాను మదర్," అన్నాను, ఏడుస్తూ.

ఆవిడ వేలితో బోర్డు చూపించారు. "అయితే ఇప్పుడు సరైనది కట్టేసి పని ముగించు," అన్నారు.

ప్లగ్గే పీకేశాను. చేతిని మళ్ళీ ఆ చీకట్లోకే పంపి, చున్నీ పీలికలు ఒక్కొక్కటీ లాగాను. ఆ రోజు నేను చేసిన అసలు పని అదే. ప్లగ్గు పెట్టి మిషను నడిపాక, గంటకి ఆంటీ తలుపు తీసి, ఒక పళ్ళెం చెంపకి ఆనించుకుని, "ఏడేడిగా ఉందే అమ్మ," అంది.

చున్నీ లేకుండా బజారులో నడిచే ధైర్యం నాకు లేదు. మదర్ హాస్టలు పిల్లల నీలం యూనిఫారం చున్నీ ఒకటి ఇప్పించారు. షాపులోకి అడుగుపెట్టగానే చిన్నాన్న, "ఏటే, మళ్ళీ స్కూల్లో జేరిపోనావేటి?" అన్నాడు. జరిగిందంతా చెప్పేసి, టైపు ఇనిస్టిట్యూటే గతి అనుకుంటూ తల దించుకున్నాను. చిన్నాన్న చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి కింద పొడుగాటి కుట్ల గీత చూపించాడు.

"నాది లైటు స్విచ్చి," అన్నాడు.

ఇప్పటికీ ఏ మిషను ముందు కూర్చున్నా ప్లగ్గు పీకి ఒళ్ళో పెట్టుకుంటే గాని చెయ్యి పెట్టను. నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. ప్లగ్గు మాత్రం ఒళ్ళోంచి తియ్యను.