నువ్వెక్కడ నిలబడి ఉన్నావు?

ఫత్సానీని దారి అడిగితే తిన్నగా చెప్పదు. "ముందు నువ్వెక్కడ నిలబడి ఉన్నావో చెప్పు" అంటుంది. "కుడికి తిరుగు అంటే సరిపోతుందా? ఎక్కడి నుంచి కుడికి?" నాకు ఒళ్ళు మండేది. "నీతో బజారుకొస్తే ఇంట్లో వండిపెట్టిన న్సిమా ముద్ద గడ్డకట్టిపోతుందే" అని తిట్టేదాన్ని.

మా జిల్లా ఆరోగ్య కార్యాలయంలో కలరా లెక్కలు ఆమెవే. చిల్వా సరస్సు రేవుల నుంచి వారం వారం ఫోన్లో వచ్చే రోగుల సంఖ్యలు నేరుగా కంప్యూటరులో చేరేవి. ఆమె రాసిన ప్రోగ్రాము వాటితో పటం గీసేది. అందులో రోగులు పెరిగి ఎర్రబడిన రేవుకే, ఆ కార్యాలయంలో నేను చూసే స్టోరు నుంచి క్లోరిన్ బకెట్లు వెళ్ళేవి. నమసాలి రేవు సంఖ్యలు పంపేది ఆమె తమ్ముడు యాంఖో, అక్కడి ఆరోగ్య కార్యకర్త.

ఆమె కాన్పుకు వెళ్ళింది. ఆ వానాకాలం ప్రోగ్రామును మా అధికారి లింబికానీ నడిపాడు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. పటంలో నమసాలి ఎప్పుడు చూసినా తెల్లగానే ఉండేది. బజారుకు మాత్రం నమసాలి ఎండుచేపలు రావడం మానేశాయి. అమ్మే ఆడవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. నాకు భయం పట్టుకుంది.

"సార్, ఒక బండి పంపుదాం" అన్నాను.

"పటంలో ఉందా?"

"బజారులో మనుషులే లేరు సార్."

"చేపలవాళ్ళు రాకపోతే కలరానా? రేపు మీ ఆయన ఇంటికి రాకపోయినా కలరా అంటావు."

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సెలవు ముగిసి ఫత్సానీ బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది. పటం చూడగానే ఆమె ముఖంలో కళ తప్పింది.

"ఇది పోయినేడాదిది సార్."

"పైన ఈ ఏడాదనే ఉంది కదమ్మా."

"పైన ఆ ఏడాది నేను ముందే రాసిపెట్టింది. ఏ లెక్కలిచ్చినా అదే వస్తుంది. మీరు ఎక్కడి నుంచి నడిపారు?"

"ఈ కుర్చీలోంచే."

ప్రోగ్రాములో ఆమె రాసిన దారి ఇంతే: ఒక మెట్టు పైకెక్కి, లెక్కల ఫోల్డరులోకి వెళ్ళు. ఎక్కడి నుంచి ఎక్కాలో లేదు. కంప్యూటరు ఏ ఫోల్డరులో నిలబడి ఉంటే అక్కడి నుంచే ఎక్కుతుంది. ఏదో నివేదిక కోసం పోయినేడాది ఫోల్డరు తెరిచిన లింబికానీ, అప్పటి నుంచీ ప్రోగ్రామును అందులోంచే నడిపాడు. ఆ మెట్టు పైనా అదే పేరుతో లెక్కలున్నాయి, పాతవి. ఏమీ దొరక్కపోయుంటే ప్రోగ్రాము మొరాయించేది. దొరికాయి కాబట్టి నోరెత్తలేదు.

"ఊరందరినీ అడుగుతాను. దీన్ని మాత్రం అడగలేదు" అంది ఫత్సానీ.

సరైన చోటి నుంచి మళ్ళీ నడిపింది. నమసాలి నెత్తురు రంగులో వచ్చింది. కింద ఒక్కో వారం అంకె పెరుగుతూ పోయింది. చివరి వారం గడి ఖాళీ.

"తగ్గిపోయినట్టుందే" అన్నాడు లింబికానీ.

"సున్నా కాదు సార్. వాడు పంపలేదు."

తమ్ముడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఉన్న బకెట్లన్నీ బండికెక్కించి బయలుదేరాం. రేవులో పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. ఆరోగ్య కేంద్రం వరండా నిండా చాపల మీద రోగులే. చివరి చాప మీద యాంఖో, కళ్ళు లోతుకు పోయి, పెదాలు పగిలి. నేను ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టాను. రెండు గుక్కలు మింగి అక్కను పోల్చుకున్నాడు.

"బాలింతవని నీకు ఫోను చేయలేదక్కా" అన్నాడు. "అంకెలు పంపుతూనే ఉన్నా కదా. ఎవరూ చూళ్ళేదా?"