అత్తగారి బరువుకు కుదిరిన కారు

ఆమెను అందరూ సోఫా వదిన అంటారు. ఆ పేరు పెట్టింది మరిది. పెట్టినప్పుడు వెక్కిరింపే, ఆవిడ మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకుంది. సోఫాలు చేసే కార్ఖానాలో స్ప్రింగులు బిగించడం ఆమె పని. ఏ స్ప్రింగునైనా బొటనవేలితో ఒక్కసారి నొక్కి, ఇది తాతగారిని మోస్తుందా, ఎగిరి దూకే మనవళ్లను మోస్తుందా చెప్పేస్తుంది. చెప్పొద్దన్నా చెబుతుంది. చుట్టాలింటికి వెళితే ముందు మనుషులను కాదు, కుర్చీలను పలకరిస్తుంది.

వదిన ఇంట్లో ఒక బుల్లి ఎర్ర కారుంది. వెనక సీట్లు లేవు, లోపల తివాచీ లేదు, తలుపు వేస్తే డబ్బా మూత పెట్టినట్టు చప్పుడు. ఊళ్లో తిరగదు, నెలకోసారి రేసు ట్రాక్ మీద మాత్రం పరిగెడుతుంది. నడిపేది మరిది. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, మనిషి ఈనెపుల్ల, మాటలు మాత్రం బండెడు. కారు కింద దూరేది వదిన. టైము చూసేది ఆమె మొగుడు. వదినా మరిదీ నోళ్లు విప్పినప్పుడు మధ్యలో నలగకుండా స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడటమే సుఖమని ఆయన ఏనాడో కనిపెట్టాడు.

గొడవంతా స్ప్రింగుల దగ్గరే వచ్చింది. మరిది రాళ్లలాంటి స్ప్రింగులు వేయించాడు. గతుకు తగిలితే చాలు, చక్రాలు గాల్లోకి లేచేవి. గాల్లో ఉన్న చక్రం రోడ్డును ఏం పట్టుకుంటుంది, దాని మొహం? మలుపులో స్టీరింగు తిప్పినా కారు ముక్కు మాట వినకుండా బయటికి పోయేది. వదిన వాటిని పీకి మెత్తటివి వేసింది. మెత్తవైతే కారు పక్కకు ఒరుగుతుంది కదా అంటారేమో, అందుకే స్వే బార్ ఉంది. కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలిపే ఉక్కు కడ్డీ అది. కారు ఒరగబోతే తాను మెలితిరిగి, అంత వద్దని ఆపుతుంది. వెనక వైపు కడ్డీని వదిన ఇంకాస్త గట్టి చేసింది, ముక్కు బుద్ధిగా తిరిగేలా.

"ఇది సోఫా కాదు వదినా, కారు!"

"రెండిట్లోనూ కూర్చునేది మనిషేగా నాయనా."

"సరే, పందెం. ఎల్లుండి నా పాత టైము తగ్గకపోతే నువ్వింక కారు కింద దూరకూడదు."

"దూరను, పో!"

అనడమైతే అనేసింది గానీ వెంటనే నాలుక్కరుచుకుంది. తాను చేసిన సోఫాలు ఏ ఇంట్లో ఉన్నాయో, ఎవరు కూర్చుంటున్నారో ఆమెకు తెలియదు. తన చేతిపని తన కళ్ల ముందు పరిగెత్తేది ఈ కారు ఒక్కటే. అది చేజారితే తట్టుకోలేదు.

చివరగా ఒక పని మిగిలింది. కడ్డీ చివరలను చక్రాలకు కలిపే చిన్న లింకులుంటాయి. నడిపేవాడు కూర్చుని, ఆ బరువుకు కారు అతని పక్కకు కాస్త దిగాక, కడ్డీలో మెలి ఏమీ లేకుండా ఆ లింకుల పొడవు సరిచేయాలి. మరిదిని కేకేసింది. "వస్తున్నా," అన్నాడు. అతగాడి 'వస్తున్నా'కు గడియారం చాలదు, క్యాలెండరు కావాలి. కార్ఖానాలో అయితే సోఫాను పరీక్షించడానికి దారినపోయే ఎవరినైనా కూర్చోబెడతారు. వదినకు ఆ అలవాటే చెయ్యి పట్టి లాగింది.

"అత్తయ్యా, కాస్త ఇందులో కూర్చోరూ?"

అత్తగారు ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. నిండైన విగ్రహం. ఇలాంటి మరుదులను ఇద్దరిని కలిపి తూచినా తక్కెడ ఆవిడ వైపే మొగ్గుతుంది. బిస్కెట్ల పొట్లంతో సహా కూర్చుంది. కారు నిట్టూర్చినట్టు కిందికి దిగింది. వదిన లింకులు బిగించేసి చేతులు తుడుచుకుంది.

"బాగుందే కోడలా!" అంది అత్తగారు, దిగే ప్రయత్నమేమీ చేయకుండా.

ట్రాక్ రోజు వచ్చింది. మొదటి విడత తిరిగొచ్చిన మరిది హెల్మెట్ తీయకుండానే అరిచాడు. "ఏం చేశావ్ వదినా? ఒక వైపు వెన్నలా తిరుగుతోంది, రెండో వైపు తిప్పితే అలిగి కూర్చుంటోంది!"

మొగుడు స్టాప్‌వాచీ చూపించాడు. పాత టైము కన్నా బాగా వెనకబడ్డారు. వదిన కారు కిందికి దూరి లింకును పట్టి చూసింది. మరిది సీట్లో ఉన్నాడు, కారు నిలబడే ఉంది, అయినా కడ్డీ మెలిపడి లింకు బిర్రుగా ఉంది. అప్పుడు తట్టింది. బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది.

"తప్పు నాదే. నీ బరువుకు కాదు, మీ అమ్మ బరువుకు కట్టాను."

అందరికంటే ముందు నవ్వింది వాళ్లతో ట్రాక్‌కు వచ్చిన అత్తగారే. మైకులో చివరి విడతకు పిలుపు వినిపించింది. మళ్లీ సరిచేసే వ్యవధి లేదు.

"కారును మార్చే టైము లేకపోతే మనిషిని మార్చండి," అంది అత్తగారు. "పొద్దున పాఠానికి నేనూ పేరిచ్చానుగా."

నిజమే, ఇచ్చింది. ఆ డ్రైవర్ల పాఠం విన్నవాళ్లనే ట్రాక్ ఎక్కనిస్తారు; ఆవిడ మాత్రం అక్కడ టీ ఇస్తారని పేరిచ్చింది. మరిది వెనక బెంచీలో కునుకు తీస్తే ఆవిడ ముందు వరసలో కూర్చుని ప్రశ్నలు కూడా అడిగింది.

"అమ్మా, వద్దే!"

"నోర్ముయ్. నలభై మంది పిల్లల్ని ఒక్క నీళ్ల సీసా కిందపడకుండా తిప్పినదాన్ని."

బయల్దేరింది. వదిన గోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడింది. టైర్ల కీచుమనే అరుపు లేదు, కుదుపు లేదు. కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు, కారు చెప్పినట్టు వింటోంది. పైగా ప్రతి మలుపుకూ ముందు ఆవిడ ఇండికేటరు వేస్తోంది! అది పనిచేస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక పెద్ద నల్ల కారును దాటుతూ మర్యాదగా హారన్ కూడా కొట్టింది. వదినకు నవ్వాగలేదు, దాంతోపాటు ఏడుపూ ఆగలేదు. గోడ దగ్గర గంతులేస్తోంటే పక్కవాళ్లు తప్పుకుని చోటిచ్చారు.

మొగుడు వాచీ చూశాడు. దులిపి మళ్లీ చూశాడు. "అర సెకను," అన్నాడు.

"ఎక్కువా?"

"తక్కువే! తమ్ముడి పాత టైము కన్నా!"

వదిన ఆయన మెడ మీద పడింది. వాచీ ఎటు పోయిందో ఇద్దరూ చూడలేదు. ఇంత సంతోషం ఒక్క మనిషికి పట్టడం కష్టమే, ఆమెకూ పట్టలేదు.

మరిది కాసేపు ట్రాక్ ఖాళీగా ఉందన్నాడు, గాలి అనుకూలించిందన్నాడు. ఎవరూ వినకపోయేసరికి దగ్గరకొచ్చి తల గోక్కున్నాడు.

"వదినా, ఈసారి నన్ను కూర్చోబెట్టి కడతావా? కదలకుండా కూర్చుంటా."

"కడతా నాయనా, తప్పకుండా కడతా. ముందు మీ అమ్మను దింపు."

అత్తగారు బెల్టు విప్పలేదు. అద్దం దించి కొడుకును ఎగాదిగా చూసి, కోడలి వైపు తిరిగింది.

"వాణ్ణి నాలుగు ముద్దలు ఎక్కువ తినమనవే. నువ్వు కట్టింది విప్పడానికి మాత్రం వీల్లేదు."