తన తప్పుతో పాఠం మొదలుపెట్టిన సారు

మా సారు ఇక లేరన్న కబురు నాకు విశ్వవిద్యాలయం నుంచి రాలేదు. ముదిగుబ్బ దగ్గర పల్లెలో ఉండే ఒక రైతు ఫోన్ చేశాడు. "పాపా, మీ సారు మా పాతబావి కాడ నీడన కూచున్నాడు. నీళ్లు తెస్తానని ఇంటికి పోయి వచ్చేలోపల ఒరిగిపోయినాడు. పిలిస్తే పలకలేదు. బిర్నా రాండి" అన్నాడు. నేను వెళ్లేసరికి అంబులెన్సు వచ్చి వెళ్లిపోయింది. వడదెబ్బ అని డాక్టర్లు చెప్పారు. ఈ వేసవి సంగతే ఇది.

ఆయన మాకు భూగర్భజలాల పాఠం చెప్పేవారు. ఆయన దగ్గరే ఎమ్మెస్సీ చదివి, ఆయన దగ్గరే పరిశోధనకు చేరాను. నల్లగా, సన్నగా ఉండేవారు. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. ఆ సుద్ద బోర్డు మీద రాయడానికి కాదు. ఇనుప టేపు చివర పూసి బావిలోకి దించేవారు. నీళ్లు తగిలినంత మేర సుద్ద నల్లబడుతుంది. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఆ మరక చెబుతుంది. నీళ్లు తగలగానే కూత పెట్టే పరికరం మా డిపార్టుమెంటులో ఉంది. అది ఎందుకు తేరని అడిగితే, "దాని బ్యాటరీ అయిపోతే నువ్వూ అయిపోతావా?" అనేవారు.

ఆడపిల్లలని, మగపిల్లలని లేదు, అందరినీ అప్పా అనే పిలుపు. నేను ఒకచోట కుదురుగా ఉండలేని మనిషిని. మొదటిసారి బావి గట్టు మీద బోర్లా పడుకుని టేపు దించుతూ దిక్కులు చూస్తుంటే వెనక నుంచి అరిచారు. "ఏమప్పా, కండ్లు హాస్టల్లో పెట్టి వచ్చినావా? టేపు రాయికి తట్టుకుని ఆడనే నిల్చింది. నువ్వు కొలిచేది నీళ్లను కాదు, రాయిని!" అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. మళ్లీ దించమన్నారు.

హాస్టల్లో మాకు ఆయన మీద ఫిర్యాదులు ఉండేవి. "ఈయప్ప బావులెంట తిరుగుతాంటే సిలబస్ ఎవురు చేస్తారు?" అని విసుక్కునేవాళ్లం. పరిశోధన ఆయన కోసం, పాఠం మా కోసం, ఒకటి పెరిగితే ఒకటి తరిగిపోతుందని మా లెక్క. పక్క గదిలో ఇంకో సారు ఏళ్ల కిందటి స్లైడ్లనే సక్రమంగా చదివి ముగించేవారు. పరీక్షలకు అవే సుఖంగా ఉండేవి.

ఆ లెక్క తప్పని నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం.

వంకకు అడ్డంగా కట్టిన చెక్ డ్యాము వల్ల చుట్టుపక్కల బావుల్లో నీళ్లు పైకి వచ్చాయని సారు అంతకుముందు ఒక వ్యాసం అచ్చు వేశారు. అధికారులు ఆయన్ను సభలకు పిలిచి శాలువాలు కప్పింది ఆ వ్యాసం చూసే. దాన్నే మాకు పాఠంగా చెబుతున్నారు. గుత్తి నుంచి వచ్చిన షాహీన్ వెనక బెంచీలో లేచి నిలబడింది.

"సార్, మీరు కొలిచేటప్పుడు మోటార్లు ఆడతాండెనా, ఆగిండెనా?"

మా ప్రాంతంలో చేలకు కరెంటు వంతుల ప్రకారం వస్తుంది. రాగానే చుట్టూ ఉన్న బోర్లన్నీ ఒక్కసారే తోడతాయి, బావిలో నీళ్లు కిందికి జారతాయి. కరెంటు పోతే మెల్లగా పైకి వస్తాయి. సారు, "తెలీదప్పా. అది రాసుకోలేదు. రేపు పోయి చూస్తాం పాండి" అన్నారు.

పోయాం. ప్రతి బావి దగ్గరా రైతులను కూర్చోబెట్టి, ఏ ఏడు కరెంటు ఏ పూట వచ్చేదో అడిగాం. డ్యాము కట్టకముందు ఆయన కొలిచిన వేళల్లో మోటార్లు నడుస్తున్నాయి. కట్టిన తర్వాత వంతు మారింది, అదే వేళకు మోటార్లు ఆగి ఉన్నాయి. నీళ్లు పైకి వచ్చినట్టు కనిపించింది చాలా మటుకు అందుకే. డ్యాము చేసిన మేలు కొంచెమే.

తన వ్యాసం తప్పని సారు మళ్లీ అచ్చు వేయించారు. అధికారులు పిలవడం మానేశారు. శాలువాలు కప్పినవాళ్లే, "కడుపుకు అన్నమే తింటాండావా సామీ, ఎవురన్నా సొంత మాటను తామే కొట్టేసుకుంటారా?" అని ముఖం మీదే అన్నారు. ఆ ఏడాది నుంచి ఏ కొత్త బ్యాచికైనా ఆయన మొదటి పాఠం ఆ తప్పే. "పుస్తకంలో ఉండేది మీ ఫోన్ చెప్తాది. నాకు తెలీనిది చెప్పేదానికే నేను ఈడికి వస్తాండా" అనేవారు. తెలియదని చెప్పే అయ్యవారిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన పొద్దున బావి దగ్గర తికమకపడింది మధ్యాహ్నానికి మా ముందుకు వచ్చేది, పచ్చిగా, జవాబు లేకుండా. మేం ఆలోచించడం నేర్చుకున్నది అక్కడే.

సారు పోయాక మా డిపార్టుమెంటు పెద్దసారు నన్ను పిలిచారు. "కొత్తవాళ్లు వచ్చేదాకా జూనియర్లకు నువ్వే క్లాసు చెప్పమ్మా. గదిలోనే. ఫీల్డు లేదు."

"బావుల కొలత ఆగిపోతుంది సార్. ఒక్క ఋతువు తప్పినా ఇన్నేళ్ల వరస తెగిపోతుంది."

"ఎండలో ఒక మనిషి పోయినాడు, అది సాలదా? రేపు ఏ పిల్లకాయకో అయితే ఆ తల్లికి నేనేం చెప్పల్ల?" ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్లు. సరేనని వచ్చేశాను.

గదిలో క్లాసు చెప్పాను. జూనియర్లు బుద్ధిగా రాసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి అందులో ఏమీ లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే, ఈ పిల్లలు డిగ్రీ తీసుకుని ఒక్క బావిలోకైనా తొంగిచూడకుండానే వెళ్లిపోతారు. ఆ భయంతో మళ్లీ మళ్లీ పెద్దసారు గది ముందు నిలబడ్డాను. వానలు పడి ఎండ తగ్గాక, పొద్దున్నే పోయి ఎండెక్కేలోగా వచ్చేయాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ముందుగా ముదిగుబ్బ బావికే తీసుకువెళ్లాను. బావి కనిపించలేదు. దారి తప్పామేమో అనుకున్నాను. రైతు చేనులోంచి నడిచి వచ్చి, చుట్టూ ఉన్న మట్టి కంటే ఎర్రగా ఉన్న నేలను కాలితో చూపించాడు.

"పూడ్చినాం పాపా."

"ఎందుకన్నా?"

"నీళ్లు తోడుకునే బావి కాదు కదమ్మా అది. గొర్రెలు పడతాయి, పిల్లోళ్లు పడతారు, మూసేయి అని మా ఇంట్లోది ఎన్నాళ్లనుంచో పోరుతాండె. సారు వస్తాడులే అని పెట్టుకోనుంటి. ఆయప్ప ఈడనే పాయె. ఇంక ఎవురు వస్తారనుకున్యా."

"మేం వచ్చినాం కదన్నా."

ఆయన పిల్లలందరినీ ఒకసారి చూశాడు. "వస్తారని ఒక మాట చెప్పింటే పూడ్చకపోతాంటిమి" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు.

జూనియర్లు నా ముఖం చూస్తున్నారు. ఏం కొలవాలో వాళ్లకు తెలియదు, ఏం చెప్పాలో నాకు తెలియదు. అంతలో ఆయన గొర్రెల మంద మేతకు బయలుదేరి మా వైపే వచ్చింది. చదునుగా, గట్టిగా, రంగు తప్ప అంతా ఒకటే నేల. అయినా బావి ఉన్నచోటికి వచ్చేసరికి మంద రెండుగా చీలింది. ఒక్క గొర్రె కూడా ఆ ఎర్రమట్టి మీద కాలు పెట్టలేదు. చుట్టూ తిరిగి, అవతల మళ్లీ కలిసి, చేనుగట్టు ఎక్కి వెళ్లిపోయింది.