మా బావ మైకు షౌక్

మా చంద్రమౌళి బావకు మైకు పెట్టందే మాట పెగలదు. కోపంతో అంటున్నానని మీరనుకోవచ్చు. కోపంతోనే అంటున్నాను, అయినా నిజం.

బావ గొంతు దోమ గొంతు. పక్కన కూర్చున్నవాడు కూడా చెవి ఒగ్గి వినాలి. మహబూబాబాదును మేం మానుకోట అంటాం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆ మానుకోట స్టేషన్ ముందర బావ ఎడ్లబండి ఎక్కి, నరాలు ఉబ్బేలా ఉపన్యాసం ఇచ్చాడట. ముందు వరసలో ఉన్నాయన వెనక్కి తిరిగి, "ఏందో అంటున్నడు గని, మంచిదే అయ్యుంటది, చప్పట్లు కొట్టుండ్రి!" అన్నాడట. జనం జాలిపడి కొట్టారట. బావ తర్వాత మాట్లాడినాయనకు మైకు దొరికింది. ఆయన ఒక్క దగ్గు దగ్గితే రైలు పట్టాల అవతల ఉన్న బర్రెలు కూడా తలలెత్తి చూశాయట. ఆ దగ్గు మా అక్క కొంప ముంచింది.

పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా కొలువు దొరకగానే బావ చేసిన మొదటి పని మైకు సెట్టు కొనడం. రెండోది మా మనోరమక్కను చేసుకోవడం. ఈ వరస చూస్తేనే ఆయన లెక్క ఏందో అర్థమవుతుంది.

పెళ్లయిన కొత్తలో అక్కను చూడటానికి వెళ్లాను. బావ పీట మీద కూర్చున్నాడు. ముందర కంచం, ఒళ్లో మైకు, దూలానికి లౌడ్‌స్పీకర్ బూర.

"హలో... హలో... మనోరమా, పప్పు," అన్నాడు.

గోడల మీది సున్నం రాలింది. అక్క వంటింట్లోంచి వచ్చేలోగా ఎదురింటామె గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. "మీ ఇంట్ల పప్పు ఒడిసినట్టుంది, గిదిగో," అంది. బావ ఆమెకు కూడా మైకులోనే దండం పెట్టాడు. ఆ సాయంత్రమే అక్క ఒట్టు పెట్టించింది. ఇంట్లో మైకు ముట్టుకుంటే తను పుట్టింటికి పోతుంది. అప్పటి నుంచి ఇంట్లో బావ పెదవులు కదులుతుంటాయి, మేం తలలూపుతుంటాం, అదే సంసారం.

షౌక్ ఎవరికి లేదు? మా చిన్నాయనకు కోడిపుంజుల షౌక్ ఉంది. పుంజు ఓడితే కనీసం కూరైనా అవుతుంది. ఈ మైకును ఏం చేసుకుని తింటాం? జీతం రాగానే వరంగల్ బండెక్కి ఏదో ఒకటి తెస్తాడు. కొత్త వైరు, కొత్త బ్యాటరీ, మొన్నటి బూర కన్నా మూతి పెద్దదైన ఇంకో బూర. అక్క వెండి కడియాలు కూడా ఆ బూర మూతిలోకే పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

"గింత ఖర్చు పెడుతున్నవు, పెండ్లిళ్లకు కిరాయికన్నా ఇయ్యరాదు బావా?" అని అడిగాను ఒకసారి.

"షౌక్‌కు కిరాయేంది మరదలా? నేను తాగుతున్ననా? పేకాడుతున్ననా?"

"తాగినోనికి తెల్లారేసరికన్నా దిగుతది. నీకు దిగుతనే లేదు గద!"

ఆయన నవ్వి ఏదో జవాబు చెప్పాడు. నాకు వినబడలేదు.

వానాకాలం వస్తే ఆ ఇల్లు చూడాలి. పెంకలు పగిలి పొయ్యిలో నీళ్లు, మంచం మీద నీళ్లు. ఇల్లు మొత్తం మీద కురవని చోటు ఒక్కటే. అక్కడ మైకు పెట్టె మా అక్క పెళ్లి చీర కప్పుకుని వెచ్చగా పడుకుంటుంది. అక్క గొడుగేసుకుని రొట్టెలు చేస్తుంది.

ఇవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది డెబ్బై ఏడులో జరిగింది. కురవి జాతరకు పోయొచ్చిన మా ఊరు మొగుళ్లపల్లి వాళ్లు, మమ్మల్ని కన్న మా అవ్వ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెప్పారు.

"మీ పెద్దల్లుడు జాతర్ల మైకు పెట్టిండమ్మా. పొద్దుందాక ఒకటే మాట. 'అత్త ఆవు, అత్త ఆవు' అని."

"ఎవరి అత్త?" అంది మా అవ్వ.

"ఆయనకు ఎందరున్నరు అత్తలు?"

అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆమె కొంచెం లావు మనిషి, నడక కూడా నిదానం. అందుకే మాట సరిగ్గా వెళ్లి తగిలింది. నాకైతే కళ్లలోంచి నిప్పులు రాలాయి. మా అక్క కడియాలతో బూర కొని, ఆ బూరతోనే మా అవ్వను జాతరలో ఆవంటాడా?

మరుసటేడు జాతరకు నేనే బయలుదేరాను. అవ్వ కూడా వస్తానంది. జనగామలో మైకులు కిరాయికిచ్చే భూపాల్‌ను వెంటబెట్టుకున్నాను. మైకు సెట్టు అక్కడికక్కడే అమ్మేయాలి, వచ్చిన పైసలతో వానలకు ముందే అక్క ఇంటికి పెంకలు కప్పించాలి. అక్కకు కబురు చెబితే, "అమ్మితే అమ్ము. నేను మాత్రం ఆయన మొఖం చూడలేను," అని ఇంట్లోనే ఉండిపోయింది.

కురవిలో బస్సు దిగేసరికి జాతర వాళ్ల పెద్ద మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. "యాడి గ్రామస్తులకు మనవి! యాడి అనే ఊరి పాప తప్పిపోయింది! యాడి వాళ్లు ఎక్కడున్నా రావాలె!"

"యాడి అనే ఊరు ఏడుంది?" అన్నాడు భూపాల్. మాకూ తెలియదు.

బావ డేరా జాతరకు ఒక చివర, తండాల బండ్లు ఆపిన చోట ఉంది. మేం చేరేసరికి ఒక వాలంటీరు అయిదేళ్ల పిల్లను చంకనెత్తుకుని లోపలికి పోతున్నాడు. పిల్ల ఏడుపు ఆకాశాన్నంటుతోంది.

"అన్నా, జర నువ్వు చూడు. యాడికి పోవాలె బిడ్డా అంటే 'యాడి' అంటది. ఊరు ఏంది అంటే మల్ల 'యాడి' అంటది. మా పెద్ద మైకుల చెప్పి చెప్పి పరేషాన్ అయినం."

బావ పిల్ల ముందర గొంతుక్కూర్చుని ఏదో అన్నాడు. మైకు లేదు కదా, మాకేం వినబడుతుంది? పిల్ల మాత్రం టక్కున ఏడుపు ఆపి, "లాలి," అంది. బావ లేచి మైకు అందుకున్నాడు.

"లాలీర్ యాడీ! అత్త ఆవ్! అత్త ఆవ్!"

మా అవ్వ అక్కడే నిలబడిపోయింది. మావైపు పెద్దిళ్లల్లో అత్తలు అల్లుళ్లతో నేరుగా మాట్లాడరు. అంత కోపంలోనూ అవ్వ నెత్తి మీద కొంగు కప్పుకుని, మొఖం అటు తిప్పుకుని, నాతో అంది.

"సుమిత్రా, అడుగు. నేను ఆవునా అని అడుగు."

నేను ఊరుకుంటానా? ఒక్క ఉదుటున డేరాలోకి దూకి బావ చేతిలోంచి మైకు గుంజుకున్నాను.

"మా అవ్వను ఆవంటవా? ఆమె నీకేం పాలిచ్చింది?"

ఆ మాట జాతరంతా మోగింది. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు చేతులు ఆపారు. రంగులరాట్నం ఆగింది. అవ్వ కొంగును గడ్డం దాకా లాక్కుంది.

అప్పుడే అద్దాల రవిక వేసుకున్న ఒక మనిషి గాజులు గలగలమనిపిస్తూ జనాన్ని తోసుకుని వచ్చింది. పిల్ల వాలంటీరు చేతుల్లోంచి జారి, "యాడీ!" అంటూ ఆమె మెడకు చుట్టుకుంది.

బావ నా చెవి దగ్గరకు వచ్చి దోమ గొంతుతో చెప్పాడు. "యాడి అంటే ఊరు కాదు మరదలా. లంబాడోళ్ల మాటల యాడి అంటే అవ్వ, లాలీర్ యాడి అంటే లాలి అవ్వ. అత్త అంటే ఇక్కడికి, ఆవ్ అంటే రా."

నేను అవ్వకు చెప్పాను. అవ్వ కొంగు కాస్త పైకి లేపింది.

ఆ పిల్ల తల్లి పేరు రామి. బిడ్డను వదలకుండానే మాతో అంది. "పెద్ద మైకుల అంత తెలుగుల పిలుస్తరు. మా ముసలోళ్లకు, పిల్లలకు ఎట్ల తెలుస్తది? పోయినేడు మా తండ ముసలామె తప్పిపోతే గీ అన్ననే పిలిచిండు. మా మాటలు నేర్చుకుంటనని మా తండకొచ్చి కూసుండేటోడు. మా మాట పలికే మైకు జాతర మొత్తంల గిదొక్కటే అక్కా."

నా కోపం తగ్గకపోగా ఇంకో మెట్టు ఎక్కింది. "ఇంత పని చేస్తున్నవు, మాకు ఒక్క మాట చెప్పొద్దా బావా?"

"చెప్పిన," అన్నాడు. "అన్నం తినుకుంట రెండు మూడుసార్లు చెప్పిన. ఇంట్ల మైకు ముట్టద్దని మీ అక్క ఒట్టు గద. మీకు ఇనపడలే."

మేం తలలూపిన భోజనాలన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఇలాంటి మనిషితో కొట్లాడటం ఎలాగో మీరే చెప్పండి. అవ్వ సంచిలోంచి సకినాలు తీసి లాలి చేతిలో పెట్టింది. అల్లుడు రెండడుగుల దూరంలోనే ఉన్నా మొఖం నావైపే తిప్పి, "సుమిత్రా, చెప్పు. పెంకలు మనింటి నుంచి బండిల తోలిస్తమని చెప్పు," అంది.

ఇంతలో భూపాల్ బూరను వేలితో కొట్టి చూసి, పెట్టె మూత తెరిచి లోపలికి తొంగిచూసి, నా దగ్గరకొచ్చాడు. "సామాన్ మంచిగుంది అక్కా. బేరం మాట్లాడుదామా?"

నేను లాలి వైపు తిరిగాను. ఆయన అక్కడే నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి పెట్టెను, ఒకసారి బావను చూడసాగాడు. బావ ఆయన్ని కాసేపు జాలిగా చూశాడు.

"మరదలా, గీయన మనోడేనా?"

"నన్ను గీ అక్కనే తోలుకొచ్చింది!" అనబోయాడు భూపాల్, నేనింకా ఏమీ అనకముందే.

"నాకు ఎరుక లేదు బావా," అన్నాను పళ్లు కొరుకుతూ. "తప్పిపోయినట్టున్నడు. జర పిలువు."

బావ మొఖం వెలిగిపోయింది. మైకు అందుకుని రెండుసార్లు ఊదాడు.

"హలో... హలో... జనగామ భూపాల్ తప్పిపోయిండు. వాళ్లోళ్లు ఎక్కడున్నా వచ్చి తోలుకపోవాలె. మంచిగనే ఉన్నడు, ఏడుస్తలేడు."