ఫిడేలులో పాము గిలక

మా ఆయన ఆర్బిన్‌తో నలభై ఒక్క ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఆ మనిషి నోట్లోంచి ఒక మాట రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాడు. తిట్టడు, పొగడడు, ఎప్పుడు చూసినా బెల్లం కొట్టిన రాయే. చెప్పాల్సిందేమన్నా ఉంటే వాళ్ళ నాన్న ఇచ్చిన ఫిడేలు తీసి వాయిస్తాడు. అందులోంచి నేనేం అర్థం చేసుకోవాలి, నా బొంద!

తోక ఆడిస్తే గిలక్కాయలా మోగే గిలకపాము ఉంటుంది చూడండి, ఆ ఫిడేలు కడుపులో దాని తోక గిలక ఉండేది. మా కొండల్లో ఫిడేలు పట్టినవాళ్ళు చాలామంది వేసుకుంటారు. తేమ చేరదంటారు, ఎలుకలు రావంటారు, నాదం బాగుంటుందంటారు. ఆర్బిన్‌ది వాళ్ళ నాన్న వేసింది. అరిగి, విరిగి, నాలుగు ముక్కలే మిగిలాయి. మొన్న మే నెలలో మా బాబాయి కొడుకు పద్నాలుగు కణుపుల గిలక ఒకటి తెచ్చిచ్చాడు. సమాధులకు పూలు పెట్టి ఫిడేలు వాయించే ఆదివారం దగ్గరపడుతోంది, ఆయన సంతోషిస్తాడు కదా అని నేను మురిసిపోయాను. ఆయన చిక్కుడు పాదుల దగ్గర ఉండగా ఫిడేలు తిరగేసి దులిపాను. పాత ముక్కలు పొయ్యిలో పడేసి కొత్తది లోపలికి తోశాను.

సాయంత్రం ఆయన కమాను ఒక్కసారి లాగి ఆగిపోయాడు. ఫిడేలు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“పాతదేదీ?”

“పొయ్యిలో వేశా. ఇది చూడయ్యా, పద్నాలుగు కణుపులు! ఈ వాగు పొడుగునా ఎవరికుంది?”

ఫిడేలు పెట్టెలో పెట్టి మూత వేశాడు. పదకొండు రోజులు దాన్ని ముట్టుకోలేదు.

నాతో అలిగితే అలిగాడు, నాకు అలవాటే. నా బాధంతా లొవీనా వదిన గురించి. ఆయన అక్క. ఎనభై నాలుగేళ్ళు, ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. “జెల్లా, ఈ ఏడు సమాధుల దగ్గర నాన్న బాణీ వినాలి. వచ్చే ఏటికి నేనూ ఆ వరసలోనే పడుకుంటా” అని నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ బాణీ వాళ్ళ నాన్న కట్టింది. బతికున్నవాళ్ళలో ఆర్బిన్ ఒక్కడికే వచ్చు.

“వాయించకపోతే మీ అక్కకు మొహం ఎలా చూపిస్తావయ్యా?”

“ఊఁ.”

“ఊఁ ఏంటి ఊఁ? నా మీద కోపముంటే నన్ను తిట్టు. ఆవిడేం చేసింది?”

“కోపం లేదు.”

“మరేం రోగం?”

చిక్కుళ్ళకు కర్రలు పాతాలంటూ వెళ్ళిపోయాడు. ఆ చిక్కుళ్ళని పీకి పారేద్దామనిపించింది.

ఆదివారం ఫిడేలు పెట్టె నేనే కారులో వేశాను. కొండ మీద వాళ్ళ అమ్మానాన్నల సమాధుల మధ్య కుర్చీ వేసి వదినను కూర్చోబెట్టాం. మొక్కజొన్న రొట్టె, బీన్సు, నా ఎండు ఆపిల్ కేకు అన్నీ బల్ల మీద సర్దాను. వదిన దేన్నీ చూడలేదు.

“తియ్యరా” అంది తమ్ముడితో.

“ఈసారికి వద్దులే అక్కా.”

ఇక నా వల్ల కాలేదు. “పాము గిలక కోసం వదినా! పాత ముక్కలు పొయ్యిలో వేసి మంచిది పెట్టినందుకు పదకొండు రోజులుగా నన్ను కాల్చుకు తింటున్నాడు!”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“నాన్న గిలకా?” అంది. చెయ్యెత్తి ఎదుటి కొండను చూపించింది. అది కొండ కాదిప్పుడు. బల్లపరుపుగా, గడ్డి తప్ప ఒక్క చెట్టు లేకుండా ఉంటుంది. “ఆ పామును అక్కడ చంపాడు, మా ఇంటి వెనక గుట్ట మీద. బొగ్గు కోసం కంపెనీవాళ్ళు పైనంతా పేల్చి ఆ మట్టి మా వాగులోనే పోశారు. ఇల్లు లేదు, ఊట లేదు. ఆ గుట్టది మాకు మిగిలింది ఆ గిలక ఒక్కటే.”

దాన్నే నేను పొయ్యిలో వేశాను. వెంటనే ఒళ్ళు మండింది కూడా.

“ఆ ఒక్క ముక్క నాతో చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా?”

ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. “చెబితే నువ్వు జన్మంతా ఏడుస్తావు.”

“మీ మొగుడూ పెళ్ళాల గొడవ ఇంటికెళ్ళి పడండి” అంది వదిన. “నాకంత ఊపిరి లేదు. వాయించరా.”

పెట్టె తెరిచాడు. నా పద్నాలుగు కణుపులదాన్ని దులిపేస్తాడనుకున్నాను. దులపలేదు. గడ్డం కింద ఆనించి మొదలుపెట్టాడు.

బాణీ మెల్లగా పైకి వెళ్తుంది, కాసేపు అక్కడే నిలబడి జర్రున జారుతుంది. రెండుసార్లు చిన్నగా లేచి, ఆపైన నిటారుగా ఎక్కుతుంది. వదిన వేలెత్తి ఆ బల్లపరుపు నేల మీది ఆకాశంలో గీస్తోంది. ఫిడేలు ఎక్కితే వేలు ఎక్కింది, దిగితే దిగింది. “అదిగో కనుమ... ఇది పెద్ద బండ... ఇక్కడే మా ఊట” అని గొణుగుతోంది. వేలు వాగు దాకా దిగి ఒళ్ళో వాలేసరికి బాణీ కూడా అయిపోయింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆ బాణీ వింటూ, కాలు ఆడిస్తూ రొట్టెపిండి కలిపాను. డాన్సు పాటనుకున్నాను. అది వాళ్ళ గుట్ట అని నాతో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చెప్పి చావలేదు.