రాతి కూసాల గోల్ పోస్టు

నేను లెక్కల టీచరును. జమ్మలమడుగు పక్కన ఒక మిషను బడిలో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. నాకు కోపం ఎక్కువని బడిలో పిల్లలు అంటారు, ఇంట్లోవాళ్ళు అంటారు, నేనూ కాదనను. జవాబు సరిగ్గా వేసి పక్కన యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేస్తాను. పన్నెండంటే ఏం పన్నెండు, మీటర్లా, కేజీలా, మేకలా అని అడుగుతాను. అలాంటి మనిషిని ఒక ఏడాది ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును నడిపాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా పాప సంగతి చెప్పాలి.

పాప అప్పుడు తొమ్మిదో తరగతి, నా క్లాసులోనే. పొడుగు పిల్ల. మాట నిదానం, నడక నిదానం. మొదటి మూడు నెలల పరీక్షల్లో లెక్కల్లో నూటికి పదకొండు వచ్చాయి. పేపరు దిద్దింది నేనే. స్టాఫ్ రూములో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అరిచాను. నీకు లెక్కలు రావు, ఈ జన్మకు రావు అన్నాను. అది మా ఇంట్లో కొత్త మాటేమీ కాదు, రెండో తరగతి ఎక్కాల దగ్గర నుంచి పాప వింటున్నదే. అన్నం తింటూనే వినింది.

ప్రొద్దుటూరులో ఒక హాస్టలు బడి ఉంది. లేచింది మొదలు పడుకునే దాకా లెక్కలు, సైన్సు రుద్దుతారని పేరు. దాని ఫారం తెచ్చి, నింపి, సంతకం పెట్టి బీరువాలో పెట్టాను. డిసెంబరు సెలవులు అయిపోగానే చేర్పిస్తానని చెప్పాను. వాళ్ళ అవ్వ, అంటే మా అత్త, పక్కలో తప్ప నిద్రపోని పిల్ల అది. రెండు రోజులు సగం అన్నం వదిలేసి లేచిపోయింది. మా అత్త నాతో మాట్లాడడం మానేసి, నాకు వినపడేటట్టు ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. కఠినమైన హృదయాలను మెత్తబరచమని దేవుణ్ణి అడిగేది. ఆ హృదయం ఎవరిదో దేవుడికి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక టీవీలో ఒక సినిమా వేశారు. తెలుగులోకి డబ్ చేసిన పిల్లల ఫుట్‌బాల్ కామెడీ. దేనికీ పనికిరాని పిల్లలు, వాళ్ళకంటే పనికిరాని కోచ్, చివరికి కప్పు వాళ్ళదే. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తా, ఇంట్లో కూర్చునేది ఆదివారం ఒక్కపూటే. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రార్థన మానేసి మా అత్త కూడా నవ్వింది. నేను పేపర్లు దిద్దుకుంటూ, ఇదంతా జరిగే పనేనా అన్నాను. పాప మాత్రం నవ్వలేదు. సినిమాలో గోల్ కీపరు పిల్ల కనపడినప్పుడల్లా కొంచెం ముందుకు జరిగి కూర్చునింది.

సినిమా అయిపోయాక నా దగ్గరికొచ్చి అడిగింది. వాళ్ళ క్లాసు పిల్లలు జట్టు కడతారట. మా బడి డ్రిల్లు సారు రిటైరై ఏడాదైంది, కొత్తవాళ్ళను వేయలేదు. నవంబరు చివర్లో పులివెందులలో బడుల పోటీలు ఉన్నాయి. ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు వచ్చేదే నాలుగు జట్లు, ఒక్కసారి ఓడితే ఇంటికే. జట్టుకు పెద్ద దిక్కుగా ఎవరో ఒక టీచరు ఉండాలి. అంతా చెప్పి, చివర్లో అసలు మాట అనింది.

"ఒక్క మ్యాచి గెలిస్తే హాస్టలుకు పంపవు గదా మా?"

నేను సరేనన్నాను. గెలవరని నమ్మకంతోనే అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అది నిజం.

ఒప్పుకున్నాక మాత్రం నేను ఏ పనీ సగం చేయను. పదకొండు మందిని పోగుచేశాను. మా అత్త నిక్కర్లు వేయడానికి వీల్లేదంటే, కింద లెగ్గిన్స్ వేయించి ఆ గొడవ తీర్చాను. బడి వెనక జొన్న చేనంత ఖాళీ జాగా ఉంది. గోల్ పోస్టులు లేవు. మా పక్క రాయికి కరువు లేదు, ఇంటి నేలకు బండలే, ప్రహరీకి బండలే, పొలం కంచెకు పాతే నిలువు స్తంభాలూ రాతి కూసాలే. బండల మేస్త్రీని పిలిపించి, నాలుగు కూసాలు పాతి పైన ఇనప పైపు బిగించమన్నాను. కొలతలు ఫోన్లో చూసి చీటీ మీద రాసిచ్చాను. వెడల్పు 8, ఎత్తు 8. మేస్త్రీ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎనిమిదికి ఎనిమిదేనా మేడమ్?"

రాసిచ్చింది చదువుకోలేవా అని కసిరాను. ఆయన పని చేసుకుని పోయాడు. బండల పనిలో అన్నీ అడుగుల్లోనే ఉంటాయి. ఎనిమిది అంటే ఎనిమిది అడుగులే. అసలు గోల్‌కు ఎత్తు ఎనిమిది అడుగులే కానీ, వెడల్పు ఎనిమిది గజాలు. గజమంటే మూడు అడుగులు. ఫోన్లో రెండూ స్పష్టంగానే ఉన్నాయి. చీటీలో యూనిట్లు రాయనిది నేను.

ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. కూసాలు కొంచెం దగ్గర దగ్గరగా ఉన్నట్టు అనిపించలేదా అంటే, అనిపించింది. సినిమావాళ్ళు అన్నీ పెద్దవి చేసి చూపిస్తారులే అనుకున్నాను. తల పగలకుండా కూసాలకు గోనె సంచులు చుట్టించాను. రెండు నెలలు పిల్లలు అక్కడే ఆడారు. మా పాప ఆ కూసాల మధ్య నిలబడి చేతులు చాపితే ఇంకేం మిగులుతుంది? బంతి దూరడానికి సందే లేదు. వారానికి ఒక గోల్ పడితే గొప్ప. పిల్లలంతా పాపను గోడ అని పిలిచేవాళ్ళు. నిదానంగా నడిచే పిల్ల బడికి పరిగెత్తి పోయేది. ఇంట్లో వాళ్ళ నాయనకు తన ఆట అభినయం చేసి చూపించేది. నాకు లోపల సంతోషంగానే ఉండేది, బయటికి చెప్పలేదు. ఫారం మాత్రం బీరువాలోంచి తీయలేదు.

పోటీ రోజు ముద్దనూరు మీదుగా ఆర్టీసీ బస్సులో పోయాం. మా ఆయన అంగడికి సెలవు పెట్టి వచ్చాడు. మా అత్త పులిహోర గంపతో, బైబిలుతో వచ్చింది. పులివెందుల గ్రౌండులో దిగి నేను మొదట చూసింది గోల్ పోస్టునే. ఎద్దుల బండి అడ్డంగా తోలుకుని పోవచ్చు, అంత ఉంది. విజిల్ మెడలో వేసుకుని ఉన్న సారును పక్కకు పిలిచి, ఇది సరైన కొలతేనా అని అడిగాను. ఎనిమిది గజాలు మేడమ్, ప్రపంచమంతా అంతే అన్నాడు.

పాప ఆ కంబాల మధ్యకు పోయి నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది, తర్వాత నన్ను చూసింది. తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. గోల్ కొంచెం పెద్దగా ఉంది, చూసి ఆడండి అని మాత్రం అన్నాను.

ఆట మొదలైన పది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. పాప దూకిన ప్రతిసారీ బంతి దానికి బారెడు దూరంలో పోయింది. మూడోదానికి అవతలి బడి పిల్లలు గోడ పడిపోయిందని ఎగతాళి చేశారు. మా పిల్లలు ఆ పేరు బస్టాండులో గొప్పగా చెప్పుకుని వచ్చారు మరి. మా అత్త కళ్ళు మూసుకుని చేస్తున్న ప్రార్థన, నాలుగో గోల్ దగ్గర, చాలు ప్రభువా అనే దాకా వచ్చింది. ఇంకో పక్క వింత ఏమిటంటే, మా పిల్లలు కూడా గోల్స్ కొడుతున్నారు. రెండు నెలలు ఎనిమిది అడుగుల సందులో, అదీ మా పాపను దాటించి కొట్టడం నేర్చుకున్నవాళ్ళకు ఈ గోల్ ఒక లెక్కా? తన్నిందల్లా లోపలికే పోయింది. విశ్రాంతి సమయానికి అయిదు మూడు. అయిదు వాళ్ళవి.

రెండో సగంలో మా పాప ఒక పని చేసింది. ఎవరూ నేర్పలేదు, నాకు తెలిస్తే కదా నేర్పడానికి. గోల్ గీత మీద నిలబడడం మానేసింది. అవతలి పిల్ల బంతితో వస్తుంటే ఎదురు పోయింది. అయిదారు అడుగులు ముందుకు పోయేసరికి, ఆ పిల్లకు రెండు పక్కలా కనిపించే సందు సగమైపోయింది. కోణం తగ్గించడమంటే అదే. తొమ్మిదో తరగతికి నల్లబల్ల మీద నేను ఎన్నిసార్లు గీసుంటానో. పరీక్షలో ఆ ప్రశ్నకు పాప సున్నా తెచ్చుకునింది. ఇక్కడ కాళ్ళతో చేసి చూపిస్తోంది. అరగంటలో ఒక్క గోల్ పడింది. మావాళ్ళు రెండు కొట్టారు. ఆరు అయిదుతో ఓడిపోయాం.

పిల్లలు నీళ్ళు తాగి, పులిహోర చుట్టూ చేరారు. పాప గ్లవ్స్ విప్పి నా పక్కన కూర్చునింది. మోకాలు గీసుకుపోయి రక్తం కారుతోంది.

"మా, పెట్టె ఎప్పుడు సర్దుకోవాల?" అని అడిగింది.

ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. మన బడిలో గోల్ చిన్నది, తప్పు మేస్త్రీది కాదు, నీది కాదు, చీటీలో నేను రాసిందే తప్పు అన్నాను. అది ఏడుస్తుందనుకున్నాను, నా మీద అరుస్తుందనుకున్నాను. అరిచినా పడాల్సిందే. అది మామూలుగా నీళ్ళు తాగి, "తెలుసు" అనింది.

ఎలా తెలుసని అడిగాను. డ్రిల్లు సారు అల్మారాలో రూల్సు పుస్తకం ఉందట. అందులో ఎనిమిది గజాలని ఉందట. టేపు లేక, అవ్వ చీర పట్టుకుపోయి కూసాల మధ్య పరిచి చూసిందట. ఆరు గజాల చీర. ఆ సందులో రెండు మడతలు పరిచినా ఇంకా రెండడుగుల చీర మిగిలిందట. ఏ చీర అని మా అత్త వెంటనే అడిగింది. నేను ఆమెను పట్టించుకోకుండా పాపనే అడిగాను.

"ఎప్పుడు కొలిచినావు?"

"నెల దాటింది."

"మరి నాకు చెప్పలేదేందే?"

పాప నా వైపు ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"నాకు లెక్కలు రావు గదా మా. నువ్వు లెక్కల టీచరు. నేనే తప్పు కొలిచినా అనుకున్యా."

దాని గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెప్పి, నా కడుపున పుట్టినదానికి నేను నేర్పింది ఇదా అనిపించింది. నీ లెక్క సరిగ్గా ఉంది, తప్పు నాదే, హాస్టలుకు పోవద్దు, ఇంటికి పోగానే ఆ ఫారం చించేస్తాను అన్నాను. ఒక్క ఊపిరిలో చెప్పాను. అది నా మొహం వైపు అనుమానంగా చూసింది. తర్వాత పులిహోర తింటున్న వాళ్ళ నాయన వైపు తిరిగింది.

"నాయనా, నువ్వు బట్టలు కొలుస్తావు గదా. ఆరు గజాలకు రెండు మడతలు పోను రెండడుగులు మిగిలితే, సందు ఎనిమిది అడుగులేనా? నా లెక్క నిజంగా రైటేనా?"

ఆయన చేయి కడుక్కుని, వేళ్ళ మీద లెక్కేసి, రైటే పాపా అన్నాడు. దాని మొహం విప్పారింది. మళ్ళీ ఒకసారి చెప్పమంది, ఆయన మళ్ళీ చెప్పాడు. హాస్టలు మాట అది మళ్ళీ ఎత్తలేదు.