ముఖ్బిల్ ఆడిన అబద్ధం

మారిబ్ పట్నం ఆయుధాల బజారులో ముఖ్బిల్‌కు సొంత కొట్టు లేదు. హిజామ్ కొట్టు గడప పక్కన ఒక చాప, గుడ్డముక్క, సన్నటి టార్చి, అంతే అతని సరంజామా. సైన్యంలో తుపాకులు బాగుచేసి బయటికొచ్చాక, వాడిన పిస్తోళ్లు చూసి మంచీచెడ్డా చెప్పడమే ముప్పై ఏళ్లుగా అతని బతుకు. అతడు "తీసుకో" అంటే కొనేవాడు మళ్లీ చూసుకోడు. "వద్దు" అంటే అమ్మేవాడు గొణుక్కుంటూ లోపల పెట్టేసుకుంటాడు. నోరు కాస్త దురుసే గానీ ఆ నోట అబద్ధం వచ్చిందని అన్నవాడు లేడు.

ఏడేళ్ల కిందట ఒకడు ముఖ్బిల్ మంచిదన్న పిస్తోలు బేరమే ఆడకుండా కొనుక్కుపోయాడు. మూడో రోజున దానికే ఒక దర్జీ బలయ్యాడు. ముఖ్బిల్ పండగ చొక్కాలన్నీ ఆ దర్జీ కుట్టినవే. అప్పటి నుంచి అతడు పిస్తోలుతో పాటు కొనేవాడి మొహం కూడా చూడసాగాడు.

ఆ రోజు పొద్దెక్కాక షాయిఫ్ వచ్చాడు. బావి నీళ్ల తగాదాలో అతని అన్న చనిపోయి పదిహేను రోజులైంది. చంపినవాళ్లెవరో బజారంతటికీ తెలుసు. హిజామ్ ఒక రష్యా పిస్తోలు చూపించి ధర చెప్పాడు. షాయిఫ్ కిక్కురుమనకుండా డబ్బు తీశాడు. ముఖ్బిల్‌కు ఆ దర్జీ గుర్తొచ్చాడు.

"కాస్త త్వరగా చూడు బాబాయ్," అన్నాడు షాయిఫ్.

ముఖ్బిల్ గుళ్లున్న మ్యాగజీన్ ఊడదీసి పక్కన పెట్టాడు. పైభాగం వెనక్కి లాగి, గొట్టంలోకి టార్చి వేశాడు. లోపలి గాళ్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. స్ప్రింగు బిగువుగా ఉంది. పిసరంత లోపం లేదు.

"పనికిరాదు. లోపల గుండుని కొట్టే సూది అరిగిపోయింది," అన్నాడు.

హిజామ్ తల బయటికి పెట్టాడు. "ఏం మాట్లాడతన్నావయ్యా? నిన్న నేనే పేల్చి చూశాగా."

"నీకు పేల్చడమొచ్చు. చూడటం రాదు."

షాయిఫ్ అక్కడే కూలబడ్డాడు. "బజారంతా తిరిగే వచ్చా బాబాయ్, ఇంతకన్నా మంచిది లేదు. సాయంత్రం అస్ర్ నమాజు లోపల షేక్ ముందు పెట్టాలి. అవతలోళ్లు పొద్దున్నే పెట్టేశారంట."

రెండు పక్షాలూ తగవు తీర్చే షేక్ ముందు తలా ఒక ఆయుధం పెడితే, తీర్పు వచ్చేదాకా ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు. పాడైనది పెడితే షేక్‌నే ఎగతాళి చేసినట్టు.

"మీ అన్న పిస్తోలు ఉందిగా?" అన్నాడు ముఖ్బిల్.

"అమ్మ ఇవ్వనంటంది. రక్తం కావాలంటంది. గడువు దాటితే మా వాళ్లు నేనాపినా ఆగరు."

ముఖ్బిల్ అతని మొహంలోకి చూశాడు. చంపబోయేవాడు కూడా ఈ మాటే చెప్పగలడు. కానీ ఇది నిజమైతే, తన అబద్ధమే ఇప్పుడు రెండు ఇళ్లలో శవాలు లేపుతుంది.

"షేక్ ముందు పెట్టేదానికి గుళ్లెందుకు నీకు?"

 షాయిఫ్ మ్యాగజీన్ అందుకుని, బొటనవేలితో గుళ్లన్నీ ఒక్కొక్కటే ముఖ్బిల్ ఒళ్లోకి నెట్టాడు.

"ఎనిమిది. చాలా? జేబులు కూడా చూసుకో."

ముఖ్బిల్ పిస్తోలు తుడిచి అతని చేతిలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లకి వినపడేలా చెప్పాడు. "దీనికేం కాలేదు. మంచి పిస్తోలు. ఇందాక నేను అబద్ధమాడాను."

షాయిఫ్ పరుగందుకున్నాడు. హిజామ్ మాత్రం కదల్లేదు. "మరి ముప్పై ఏళ్లుగా నువ్వు వద్దన్నవన్నీ?"

ముఖ్బిల్ ఒళ్లోని గుళ్లు ఏరి పక్కన పెట్టాడు. వెనక నిలబడి ఉన్న బేరగాడు అతనికి చూపిద్దామని తెచ్చిన పిస్తోలు మళ్లీ నడుముకి దోపుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాప దగ్గరికి ఇంకెవరూ రాలేదు. ముఖ్బిల్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

అయినా ఇంటికి పోలేదు. మసీదులో అస్ర్ బాంగు అయ్యాక కూడా షాయిఫ్ ఊరి వైపు చెవి పెట్టి, తుపాకి మోత వస్తుందేమోనని పొద్దు గుంకేదాకా కూర్చున్నాడు. రాలేదు.